నాన్న కంప్యూటరూ, నా గ్రాఫిక్సు కార్డూ

"ఒరేయ్, అక్షరాలన్నీ అలుక్కుపోయాయిరా" అన్నారు నాన్న ఫోన్లో.

నాకు గుండె జారింది. రెండేళ్ళ క్రితమే ఆయన కుడికంటికి శుక్లం ఆపరేషనయింది. "కళ్ళద్దాలు తుడుచుకున్నారా నాన్నా?" అన్నాను. "కళ్ళు కాదురా, కంప్యూటరు. త వత్తేదో న వత్తేదో తెలిసి చావడం లేదు. గుడి కనబడదు, గుడిదీర్ఘం కనబడదు. అన్నీ నూనెలో వేసిన బూరెల్లా ఉబ్బిపోయాయి."

బూరెలనగానే రోగం తెలిసిపోయింది. నాన్నది 22 అంగుళాల ఎల్సీడీ తెర. దాని అసలు కొలత అడ్డంగా 1680 చుక్కలు, నిలువుగా 1050. గ్రాఫిక్సు కార్డుకి సరైన డ్రైవరు లేకపోతే విండోస్ తన దగ్గరున్న ముతక డ్రైవరుతో ఏ 1024, 768 దగ్గరో ఆగిపోతుంది. ఆ చిన్న బొమ్మని తెర తనకి తోచినట్టు సాగదీసుకుంటుంది. అది కూడా రెండు వైపులా సమానంగా కాదు, అడ్డంగా ఎక్కువ. ఇంగ్లీషయితే తంటాలు పడి చదువుకోవచ్చు. తెలుగులో కింద వత్తు, దాని పక్కన ఇంకో కొమ్ము, పైన గుడి. సాగిన తెరమీద అవన్నీ కలిసిపోయి ముద్ద అన్నమైపోతాయి.

నాన్న తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నాలుగేళ్ళుగా ఆయన ఉద్యోగం రోజుల సంగతులు రాసుకుంటున్నారు. లేఖినిలో కొట్టడం, అక్కణ్ణుంచి లిబ్రాఫీసులోకి అతికించడం, పోతన ఫాంటు పెట్టుకుని చదువుకుంటూ దిద్దుకోవడం. రోజుకి అర పేజీ. ఈ మధ్యే 1977 దగ్గరికొచ్చారు. ఆ ఏడాది నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన వయసు ఇరవై రెండు, ఉద్యోగంలో చేరి ఏడాది. కాబట్టి "అక్షరాలు అలుక్కుపోయాయి" అంటే నాకది చిన్న విషయంగా అనిపించలేదు.

ఇంతకీ జరిగిందేమిటంటే, పాత హార్డుడిస్కు టకటకమని చప్పుడు చేస్తోందని వీధి చివర షాపు కుర్రాణ్ణి పిలిచారు. అతను కొత్త ఎస్సెస్డీ వేసి, విండోస్ 10 ఎక్కించి, "గ్రాఫిక్స్ కార్డు బాగా పాతదండీ, దీనికి డ్రైవర్లు రావు, మొత్తం మార్చేసుకోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. అతన్ని తప్పుపట్టను. ఇచ్చిన మూడొందలకి అంతకన్నా ఎవరు కూర్చుంటారు?

నాన్న ఊరుకోలేదు. కార్డు పేరు పక్కన "డ్రైవరు" అని కొట్టి తనే వెతికారు. ఈ అనుభవం ఎవరికైనా ఉండే ఉంటుంది. వచ్చే పేజీల్లో సగం ఒకటే తీరు. పెద్ద ఆకుపచ్చ బొత్తాం, దానిమీద "దించుకోండి". నొక్కితే డ్రైవరు రాదు, డ్రైవర్లు వెతికిపెడతానని చెప్పే ఇంకో ప్రోగ్రాము వస్తుంది. అది కంప్యూటరంతా తడిమి "మీ డ్రైవర్లు 37 పాతబడ్డాయి" అని ఎర్రగా చూపించింది. బాగుచెయ్యాలంటే డబ్బు కట్టాలి. బ్యాంకు కార్డు నంబరు కొట్టే చోటుకొచ్చాక నాన్నకెందుకో అనుమానమొచ్చి నాకు ఫోన్ చేశారు. అప్పుడు తెలిసింది నాకీ కథంతా. ముప్ఫై ఎనిమిదేళ్ళు రిజిస్టర్డు పార్సిళ్ళకి సీళ్ళు సరిచూసిన మనిషి కాబట్టి బతికిపోయాం.

సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు చూస్తానని చెప్పాను.

ఇక్కడ ఆ కార్డు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందులో నా పాపం ఉంది. 2008లో నేను ఇంజనీరింగు మూడో ఏడాది. ఇంట్లో కోర్ టూ డ్యూయో ఈ7200, ఇంటెల్ జీ31 మదర్‌బోర్డుతో కంప్యూటరు కట్టించారు నాన్న. బోర్డులోనే గ్రాఫిక్సు చిప్పు ఉంది, జీఎంఏ 3100 అని. మామూలు పనులకి అది చాలు. అయితే 'నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్'కి చాలదు. అందుకని నాన్నతో "ప్రాజెక్టుకి త్రీడీ గ్రాఫిక్సు కావాలి" అని చెప్పి, విజయవాడ వెళ్ళి, రెండు వేల నాలుగొందలు పెట్టి జీఫోర్స్ 8400 జీయెస్ కొనుక్కొచ్చాను. దాని పెట్టెమీద బొమ్మలో కవచం తొడుక్కున్న ఒక రాక్షసుడుండేవాడు. నాన్న ఆ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీ కాలేజీ వాళ్ళు చెప్పారా?" అన్నారు. "ఆఁ" అన్నాను.

సరే, సంక్రాంతి. ముందు ఆ డ్రైవర్లు వెతికే దరిద్రాన్ని పీకేశాను. తరవాత కార్డెవరో కనుక్కున్నాను. పెట్టెమీది పేరు నమ్మకూడదు. 8400 జీయెస్ అన్న ఒక్క పేరుతోనే ఎన్విడియా మూడు వేరువేరు చిప్పులమ్మింది. 2007లో జీ86, ఆ తరవాత జీ98, ఇంకొన్నాళ్ళకి జీటీ218. అసలు చిరునామా డివైస్ మేనేజరులో హార్డువేర్ ఐడీ దగ్గర ఉంటుంది. వెండార్ సంఖ్య 10డీఈ అంటే ఎన్విడియా. ఇంటెల్‌ది 8086, తన పాత ప్రాసెసరు నంబరునే ఇంటిపేరు చేసుకుంది. మా కార్డు డివైస్ సంఖ్య 06ఈ4, అంటే జీ98. డ్రైవరుతో వచ్చే ఐఎన్ఎఫ్ ఫైలు నోట్‌ప్యాడులో తెరిస్తే ఈ సంఖ్యలన్నీ పొడుగ్గా జాబితాలా ఉంటాయి. మన సంఖ్య అందులో ఉంటే ఆ డ్రైవరు మనది. లేకపోతే ఎన్ని ఆకుపచ్చ బొత్తాలు నొక్కినా కాదు. నాన్నకి ఇది చెప్తే వెంటనే అర్థమైంది. "పిన్‌కోడన్నమాట" అన్నారు.

జీఫోర్స్ 8 నుంచి 300 దాకా ఉన్న కార్డులకి ఎన్విడియా ఇచ్చిన ఆఖరి విండోస్ డ్రైవరు 342.01, 2016 డిసెంబరులో వచ్చింది. వాళ్ళ సైటులోనే పాత డ్రైవర్ల పేజీలో దొరుకుతుంది, డబ్బులు అక్కర్లేదు. దించాను, ఎక్కించాను. తెర ఒకసారి నల్లబడి, మళ్ళీ వెలిగి, 1680కి 1050తో నిలబడింది. నాన్న తన ఫైలు తెరిచి ఒక పేజీ పైకి చదివారు. వత్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అమ్మ బొబ్బట్లు పెట్టింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ టపా కూడా ఇక్కడితో అయిపోయేది. నేనెందుకాగుతాను?

విండోస్ 10కి మైక్రోసాఫ్టు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇంకో ఏడాది భద్రతా సవరణలు తెచ్చుకునే ఉపాయం ఉంది గానీ, తరవాత? విండోస్ 11లో 24హెచ్2 నుంచి పాప్‌కౌంట్ అనే ఆదేశం లేని ప్రాసెసర్లమీద అసలు బూటే అవదు. కోర్ టూ డ్యూయోలో అది లేదు. పింఛను డబ్బులు చూసుకునే కంప్యూటరు కదా అని, పైగా నాలోని పాత లినక్సు భక్తుడు నిద్ర లేచి, "నాన్నా, దీనికి లినక్సు వేస్తాను, ఇంక పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాను. పదేళ్ళన్నాను చూడండి, ఆ మాట గుర్తుపెట్టుకోండి.

డ్రైవరంటే దుబాసీ. చెన్నపట్నంలో కంపెనీ దొరలకీ మనవాళ్ళకీ మధ్య నిలబడి రెండు భాషలూ మాట్లాడినవాడు. ఇక్కడ దొర ఓయెస్సు, వ్యాపారి కార్డు. దుబాసీ లేకపోతే కార్డు చెడిపోలేదు, ఓయెస్సూ చెడిపోలేదు, వాళ్ళిద్దరికీ మాటల్లేవు, అంతే. దొర మారినప్పుడల్లా దుబాసీ కొత్త దొర భాష నేర్చుకోవాలి. కార్డు భాష మాత్రం కంపెనీకే తెలుసు, వాళ్ళు దాన్ని బయటపెట్టలేదు.

అందుకని లినక్సువాళ్ళు చాటునుంచి విని నేర్చుకున్నారు. నూవో అనే డ్రైవరు అలా పుట్టిందే. 2005, 2006 ప్రాంతంలో స్టెఫాన్ మార్షెసాన్ మొదలుపెట్టాడు. పేరు కూడా తమాషాగా వచ్చింది. అప్పట్లో ఎన్విడియా సొంతంగా ఇచ్చిన చిన్న డ్రైవరు పేరు 'ఎన్వీ'. అతను చాటులో ఎన్వీ అని కొడితే అతని ప్రోగ్రాము దాన్ని ఫ్రెంచిలో 'నూవో', అంటే కొత్తది, అని మార్చేసేదట. అదే స్థిరపడింది. వీళ్ళ పద్ధతేమిటంటే, కంపెనీ డ్రైవరు పనిచేస్తున్నప్పుడు అది కార్డులో ఏ చిరునామాకి ఏ సంఖ్య రాస్తోందో మొత్తం పట్టి రాసుకోవడం. ఆ తరవాత ఏ సంఖ్యకి ఏం జరిగిందో పోల్చి చూసుకోవడం. వంటింటి కిటికీలోంచి చూసి పక్కింటి పులిహోర నేర్చుకోవడం లాంటిది. ఉప్పెంత వేశారో కనబడదు. అలా నేర్చిన డ్రైవరు 2010 ఫిబ్రవరిలో లినక్సు 2.6.33తో కెర్నెల్లోకి చేరింది. నిజంగా చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిన పని.

నూవోతో మా తెర వెంటనే వచ్చింది, సరైన కొలతతో, నేనేమీ చెయ్యకుండానే. గర్వంగా నాన్న వైపు చూశాను. రెండ్రోజులు బాగానే నడిచింది. కనుమనాడు మధ్యాహ్నం ఆయన టైపు చేస్తుండగా తెర బిగుసుకుపోయింది. మౌసు కదలదు, కీబోర్డు పలకదు. పవరు బొత్తాం నొక్కిపట్టి ఆపాల్సొచ్చింది. ఆ కార్డుకీ ఆ బోర్డుకీ ఎక్కడ చెడిందో నాకు తెలీదు. వెతికితే నాలాంటివాళ్ళు ఇంకొందరున్నారు, మందు మాత్రం లేదు.

పోయింది పేజీన్నర. ఇంకా లేఖినిలోనే ఉంది, సేవు చెయ్యలేదు. ఉప్పెన తరవాత ఆయన్ని అవనిగడ్డ వైపు డ్యూటీకి పంపారట. బయటూళ్ళనుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, "ఎలా ఉన్నారు, వెంటనే రాయండి" అని. చిరునామాలో ఊరు లేదు, మనిషి లేడు. ఆ ఉత్తరాలు విడదీసిన సంగతి రాస్తున్నారు. "పోనీలేరా, మళ్ళీ రాస్తాను" అన్నారు. ఆ సాయంత్రమే మళ్ళీ కూర్చుని రాశారు కూడా. రాశాక, "మొదటిసారి వచ్చినట్టు రాలేదు" అని మాత్రం అన్నారు.

నాకు పట్టుదల పెరిగింది. నూవో కాకపోతే కంపెనీ డ్రైవరే. లినక్సుకి ఈ కార్డుల ఆఖరి డ్రైవరు 340.108, 2019 డిసెంబరులో ఇచ్చారు. 2007 నాటి కార్డులకి 2019 దాకా ఇచ్చారంటే, న్యాయంగా మాట్లాడితే తిట్టడానికేం లేదు. చిక్కెక్కడంటే, లినక్సు కెర్నెల్ లోపలి ఏర్పాట్లు ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి. మీ డ్రైవరు కెర్నెల్ సోర్సులోనే ఉంటే, మార్చినవాడే దాన్ని కూడా సరిచేస్తాడు. బయట ఉంటే అది మీ కర్మ. 340.108 వచ్చిన మూడు నెలలకి, 2020 మార్చిలో, లినక్సు 5.6 వచ్చింది. అందులో ఈ డ్రైవరు పిలిచే ఒక ఫంక్షను తీసేశారు, ఇంకో స్ట్రక్చరు మార్చారు. ఇంకంతే, కంపైలవదు.

అందుకు పుణ్యాత్ములు ప్యాచీలు రాసి పెడుతుంటారు. కెర్నెల్ కొత్తది వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చుని, తన పాత కార్డు కోసం, ఇంకో పది లైన్లు సరిచేసి అందరికీ వదులుతారు. అవి తెచ్చి, ఒకదాని తరవాత ఒకటి అంటించి, రాత్రి రెండింటికి కంపైలు చేశాను. పనిచేసింది. రెండ్రోజులు వెనక్కీ ముందుకీ కొట్టి చూశాను, బిగుసుకోలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ హైదరాబాదు రైల్లో హాయిగా నిద్రపోయాను.

పద్దెనిమిదో రోజు పొద్దున్నే ఆరింటికి ఫోను. "నల్లగా ఉందిరా." రాత్రి కెర్నెల్ దానంతటదే అప్‌డేటయింది, నా ప్యాచీలు దానికి సరిపడలేదు, నూవోని నేనే స్వహస్తాలతో ఆపేసి ఉన్నాను. ఇంక తెర వచ్చే దారే లేదు. అప్‌డేట్లు ఆపకుండా వచ్చింది నేనే. ఈ తప్పు ఎవరిమీదా వెయ్యలేను.

అమ్మ ఫోను పట్టుకుని తెర చూపిస్తుంటే, నేను అక్షరం అక్షరం చెప్తుంటే, నాన్న నల్లతెర మీద కమాండ్లు కొట్టారు. "స్లాషంటే ఎటు వాలింది?" "కుడిపక్కకి నాన్నా." "ఎవరి కుడి?" ఇలా గంటన్నర. చివరికి పాత కెర్నెల్‌తో లేపాం.

ఆ రోజు ఆఫీసులో నాకొక పని మిగిలిపోయి ఉంది. మా ప్రోడక్టు పాత వెర్షనొకటి ఆపేస్తున్నామని వాడేవాళ్ళకి మెయిలు రాయాలి. ఇలాంటి మెయిళ్ళు ఇప్పటికి అరడజను రాసుంటాను. "వాడేవాళ్ళు పిడికెడు మంది, వాళ్ళకోసం టెస్టింగు ఖర్చు దండగ" అని మీటింగులో మొదట అన్నదీ నేనే. ఆ లెక్క ఇప్పటికీ తప్పనను. పాతవన్నీ మోసుకుంటూ కూర్చుంటే కొత్తది రాదు. కానీ ఆ మెయిలు ఆ రోజు రాయలేకపోయాను. మర్నాడు రాశాను, ఆఖరి వెర్షను సోర్సు ఎక్కడుందో ఒక లైను చేర్చి. మేనేజరు ఆ లైను తీసెయ్యమన్నాడు. కాసేపు వాదించాను. ఉంచాడు.

సాయంత్రం నాన్న మళ్ళీ ఫోన్ చేశారు. "వెనకాల ఇంకో సాకెట్టుందిరా, నీలంది, దుమ్ముపట్టి. దీనికి పెడితే రాదా?"

ఆయనన్నది మదర్‌బోర్డు సొంత వీజీఏ సాకెట్టు. జీఎంఏ 3100. పద్దెనిమిదేళ్ళ క్రితం నేను పనికిరాదని పక్కనబెట్టింది. ఇన్నాళ్ళూ అది నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. కార్డు పీకేస్తే అయిపోతుందేమోనని మొదటిరోజే అనిపించింది. అది పీకి, దాని అవసరమే లేదని ఆయన ఎదురుగా తేలడం నాకిష్టం లేకపోయింది. అందుకోసం మూడు రాత్రులు కంపైలు చేశానన్నమాట.

వచ్చే శనివారం వెళ్ళాను. కేసు విప్పి, దుమ్ము ఊది, కార్డు స్లాటు లాకు నొక్కి బయటికి లాగాను. కేబులు నీలం సాకెట్టుకి పెట్టి ఆన్ చేశాను. 1680, 1050. నేనేమీ ఎక్కించలేదు. విండోస్‌లో అయితే ఈ చిప్పు డ్రైవర్లు 7తోనే ఆగిపోయాయి. లినక్సులో మాత్రం దీని డ్రైవరు, ఐ915 అనేది, ఇంటెల్‌వాళ్ళు సోర్సు తెరిచే రాశారు, కెర్నెల్లోనే ఉంది. కెర్నెల్ మారినప్పుడల్లా ఎవరో దాన్నీ సర్దుతూ వచ్చారు. త్రీడీ వైపు మెసా అనే లైబ్రరీలో 2022లో పాత డ్రైవర్లని చాలావాటిని తీసేసి వేరే కొమ్మకి సాగనంపినప్పుడు కూడా, ఈ కాలంనాటి ఇంటెల్ చిప్పులకి కొత్త పద్ధతిలో రాసిన డ్రైవరుని ఉంచారు. అలాగని సోర్సు తెరిచినవన్నీ అమృతం తాగాయని కాదు. 2023లో లినక్సు 6.3లో వూడూ కార్డులూ, రేజ్ 128లూ వాడే డ్రైవర్లని పీకేశారు. చూసేవాళ్ళు లేకపోతే అవీ పోతాయి.

తేలికపాటి డెస్కుటాపు పెట్టాను, హంగులన్నీ ఆపేశాను. ప్రవచనాల వీడియోలు 480లో ఆగకుండా వస్తున్నాయి. సాయంత్రం దాకా బిగుసుకోలేదు. నాన్న కుర్చీలో కూర్చుని, పేజీ ఒకటి చదువుకుని, బల్లమీదున్న కార్డు చేతిలోకి తీసుకున్నారు.

"అయితే ఇది దేనికిరా?"

"ఆటలకి నాన్నా" అన్నాను. "కార్ల పందెం ఆట."

"నీ ప్రాజెక్టు రిపోర్టు అటకమీద ఉంది. అప్పుడే చదివాను. ఉద్యోగుల జీతాల లెక్కలు కదూ? అందులో ఒక్క బొమ్మ లేదు" అన్నారు. కార్డుని వెనక్కి తిప్పి, దానిమీది చిన్న ఫ్యాను వేలితో తిప్పి చూశారు. "బాగుండేదా ఆ ఆట?"

"చాలా బాగుండేది."

"పోనీలే."

లేచి వెళ్ళి పాత పేపరు తెచ్చి కార్డుని చుట్టారు. పురికొస కట్టారు, పోస్టాఫీసు ముడి, లాగినా ఊడదు. పైన స్కెచ్ పెన్నుతో గుండ్రటి అక్షరాలతో రాశారు: "గ్రాఫిక్సు కార్డు. 2008. రూ. 2,400. బాగానే ఉంది." బీరువా పై అరలో పెట్టి వచ్చి, ఉత్తరాల పేజీ తెరుచుకున్నారు.